నెమరు ధ్రువపత్రం

గేదె నెమరు వేస్తుందంటే లోకంలో ఎవరైనా ఒప్పుకుంటారు. మా ఆఫీసు ఒప్పుకోదు. నోటిమాట మీద అన్నీ ఒప్పుకుంటూ పోతే ఇక ఆఫీసెందుకు?

మాది పశుపోషక కొవ్వుల అమలు విభాగం. అందులో నేను సీనియర్ అసిస్టెంటుని. మా అధికారి డాక్టర్ పరాంకుశం గారు. చదివింది పశువైద్యమే గాని, పశువును తాకిన పాపాన పోలేదు. ఆయనకున్న అలవాటల్లా కిళ్ళీ. పొద్దున బుగ్గన పెట్టిందే మొదలు, ఒకటి అయ్యేలోగా ఇంకొకటి సాయంత్రం దాకా నడుస్తూనే ఉంటుంది. ఏదైనా పెద్ద ఆలోచన చేసేటప్పుడు ఆయన కళ్ళు సగం మూసుకుంటాయి, దవడ నిదానంగా ఒక పక్కకు జరిగి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఆ సమయంలో మేమెవరం గదిలోకి వెళ్ళం.

మా విభాగం ఎందుకు పుట్టిందో చెప్పాలి. మా మెట్టలో ఎటు చూసినా పామాయిల్ తోటలే. గెలల్లోంచి తీసిన నూనెను శుద్ధి చేసేటప్పుడు పచ్చటి కొవ్వొకటి విడిపోతుంది. అది మన వంటకు పనికిరాదు. దాన్నే పాడి పశువులకు బలమైన మేతగా మార్చి సగం ధరకు ఇవ్వాలని ప్రభుత్వం వారికి ఆలోచన వచ్చింది. తయారుచేసే పని బొంతు ప్రకాశరావు అనే ఆయనకు అప్పగించారు. మూతపడ్డ రైసు మిల్లు షెడ్డులో ఆయన డ్రమ్ములు పెట్టి పని మొదలుపెట్టాడు.

మొదటి తనిఖీకి మా అధికారి వెంట నేనూ వెళ్ళాను. డ్రమ్ములో కొవ్వు కాగుతోంది. అందులో సున్నప్పిండి వేసి నీళ్ళు చిలకరించగానే అది బుసబుస పొంగి, కాసేపటికి గట్టిపడి ముద్దలైంది. ఆ ముద్దల్ని ఆరబెట్టి, నలగ్గొట్టి, జల్లించి బస్తాల్లోకి ఎత్తుతున్నారు. షెడ్డంతా బట్టలుతికిన వాసన.

"సున్నం దేనికి?" అన్నారు అధికారి.

"కొవ్వుని ఉత్తినే పెడితే గేదె మొదటి పొట్ట చెడిపోద్దండి. అక్కడ మేతని నానబెట్టే పురుగులుంటాయి, వాటికి కొవ్వు పడదు. గేదె మేత మానేస్తది. సున్నంతో కట్టేస్తే అక్కడ కరక్కుండా దాటెళ్ళిపోయి, అసలు పొట్టలో కరిగి ఒంటికి పడద్దండి. కొత్తగా ఈనిన గేదెలకి బాగా పనిచేస్తది," అన్నాడు ప్రకాశరావు.

అధికారి కిళ్ళీ ఆపారు. "అంటే మొదటి పొట్టకు తెలియజేయకుండా నేరుగా పై పొట్టకు వెళ్తుందన్నమాట."

"అంతేనండి."

"సరైన మార్గం ద్వారా కాకుండా."

ప్రకాశరావు నా వంక చూశాడు. నేను డ్రమ్ము వంక చూశాను. చివరికి అధికారి, మొదటి పొట్టకు సమాచార నిమిత్తం కొంత తవుడు కలిపి పెట్టవలెనని షరతు రాసి ఆమోదించారు. అది మంచి షరతే, తవుడు కలపకపోతే ఆ వాసనకు గేదెలు ఎలాగూ మూతి పెట్టవు.

అంతా సవ్యంగా సాగేదే. కాని పక్క జిల్లాలో మహానుభావులెవరో ఇలాంటి బస్తాలనే చేపల చెరువులకు తోలేశారట. ఆడిట్ వారికి కోపం వచ్చింది. మా ఆఫీసుకు కూడా ఒక అభ్యంతరం పంపించారు. "ఈ పథకము నెమరువేయు జంతువులకు మాత్రమే ఉద్దేశింపబడినది. లబ్ధిదారులు నెమరువేయునవియే అనుటకు దాఖలాలు కానరావు." ఇదీ అందులోని సారాంశం.

చేపల చెరువుకు గేదెలకు సంబంధమేమిటని ఎవరైనా అడగొచ్చు. ఆడిట్‌ను అడగడం మా ఆఫీసులో ఆనవాయితీ లేదు. అధికారి ఆ పూటంతా దవడ కదిలించి, సాయంత్రానికి ఉత్తర్వు చెప్పి రాయించారు. ప్రతి పశువును అధికారి స్వయముగా సందర్శించి, అది నెమరువేయుచుండగా కళ్ళారా చూచి, ధ్రువపత్రము జారీ చేయవలెను. ధ్రువపత్రము లేని పశువుకు కొవ్వు ఇయ్యరాదు. ప్రకాశరావు తయారుచేసిన బస్తా ఏదీ అంతవరకు గేటు దాటరాదు.

నా ఇరవై ఏళ్ళ సర్వీసులో అంత నిర్దోషమైన ఉత్తర్వు రాయలేదు.

మేము మొదట వెళ్ళింది చినలింగంపాలెంలో గంటా నూకరత్నం ఇంటికి. ఆమెకు భూమి లేదు, మగదిక్కు లేదు, ఉన్నదల్లా ఒక గేదె. దాని పేరు బుజ్జమ్మ. ఆ మధ్యే ఈనింది. పాలు బాగా ఇచ్చే జాతి. ఒంట్లో ఉన్నదంతా పొదుగులోకి దింపేసి అది చిక్కిపోయింది. పక్కటెముకలు బయటపడ్డాయి, తుంటి దగ్గర గుంటలు పడ్డాయి. ఊళ్ళోకి వచ్చే పశువుల డాక్టరు ఈ పొడి పెట్టమని, లేకపోతే పడుకున్న గేదె లేవదని చెప్పి వెళ్ళాడు. కబేళాకు తోలే బేరగాడు అప్పుడే రెండుసార్లు వచ్చి గుమ్మం దగ్గర బీడీ కాల్చుకుని వెళ్ళాడట. నూకరత్నం మాకు కుర్చీలు వేస్తూ ఇదంతా ఒక్క గుక్కలో చెప్పింది.

ఆ గేదెను చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. కడుపు తరుక్కుపోవడానికి మా దగ్గర పద్దు లేదు గనుక ఊరుకున్నాను.

జీపు హారను మోగేదాకా బుజ్జమ్మ పాకలో పడుకుని హాయిగా నెమరు వేస్తూనే ఉంది. మేము దిగగానే లేచి నిలబడింది. డ్రైవరు గొడుగు తెరవగానే దవడ బిగించేసింది. అధికారి కుర్చీలో కూర్చుని దాని మూతి వంక చూశారు. అది ఈయన మూతి వంక చూసింది. ఈయన నములుతున్నారు, అది నమలడం లేదు.

"వేయమను," అన్నారు అధికారి.

"కొత్తోళ్ళని సూస్తే ఎయ్యదండి. మీరెల్లిపోతే ఏసేత్తదండి," అంది నూకరత్నం.

"మేము లేనప్పుడు వేసినది లెక్కలోకి రాదమ్మా."

"పోనీ ఆ గోడెనకాల నక్కి సూడండి బాబూ. దానికి మడిసి వోసన తగలకూడదు."

ప్రథమ శ్రేణి అధికారి గోడ వెనక నక్కడానికి నిబంధనల్లో వీలు లేదు. కాసేపు చూసి, మధ్యాహ్న భోజనం వేళ కావడంతో అధికారి లేచారు. నాతో ఇలా రాయించారు: "సందర్శన సమయమున సదరు జంతువు నెమరువేయుట గమనింపబడలేదు. కావున నెమరువేయని జంతువుగా పరిగణించడమైనది."

ఊరంతా అదే తంతు. ఏ గేదె దగ్గరకు వెళ్ళినా లేచి నిలబడి గౌరవంగా నమలడం ఆపేసేది. సాయంత్రానికి చినలింగంపాలెంలో నెమరువేసే జంతువు ఒక్కటీ మిగల్లేదు.

మర్నాడు పొద్దున నూకరత్నం పాలకేంద్రానికి క్యాను తీసుకెళ్తే అక్కడి గుమాస్తా తీసుకోలేదు. మా రిపోర్టు నకలు అతనికి చేరింది. అతని వాదన అతనిది. కేంద్రం కొనేది గేదె పాలు. గేదె అంటే నెమరు వేసేది. నెమరు వేయదని ప్రభుత్వమే తేల్చిన జంతువు పాలు ఏ పాలో తేలేదాకా వాటిని గేదె పాల డబ్బాలో పోయడం కల్తీ కిందికి వస్తుంది.

"గేదె పాలు కాపోతే గుర్రం పాలంటావా?" అని ఆమె అరిచిందట.

"అది తేల్చడం నా పరిధి కాదమ్మా," అన్నాడట గుమాస్తా. అతనిలో మంచి ఉద్యోగి లక్షణాలున్నాయి.

నూకరత్నం తిన్నగా మా ఆఫీసుకు వచ్చింది. అధికారి ఎదుట నిలబడి చెంగు నడుముకు దోపుకుంది. "అయ్యా, మీరు మందిత్తారని సూత్తంటే పాలు కూడా ఆపేయించారు. ఇయ్యాల బుజ్జి కుడితి కూడా ముట్టలేదు. ఆ బేరగాడు మళ్ళీ వొచ్చాడు. నేనేం సేసేది?"

అధికారి ఆమెకు చాలా ఓర్పుగా జవాబిచ్చారు. "చూడమ్మా, ప్రభుత్వం నీ పక్షానే ఉంది. లోపం నీ పశువులో ఉంది. కార్యాలయ పని వేళల్లో నెమరు వేయడం దానికి అలవాటు చెయ్యి."

అదే రోజు సర్క్యులరు కూడా వెళ్ళింది. పశువులు ఉదయం పదిన్నర నుండి సాయంత్రం ఐదు వరకు, భోజన విరామం మినహాయించి, నెమరువేయుచుండవలెను. ఈ విషయమును ఇద్దరు సాక్షుల సమక్షమున ప్రతి పశువుకు చదివి వినిపించవలెను. చినలింగంపాలెంలో చదివే బాధ్యత నాకే పడింది. పాక పాకకూ వెళ్ళి స్పష్టంగా, ఒత్తులు తప్పకుండా చదివాను. బుజ్జమ్మ నా చేతిలోని సర్క్యులరును వాసన చూసి తినబోయింది. ఆకలి మీదున్నదని అర్థమైంది. రెండో కాపీ లేక నేను లాక్కున్నాను.

ఈ మధ్యలో ప్రకాశరావు షెడ్డు నిండిపోయింది. బస్తాలు కప్పు దాకా పేర్చాడు. అతని దగ్గర పనిచేసే ఆడవాళ్ళు కూలికి పామాయిల్ తోటల్లోకి వెళ్ళిపోయారు. "సార్, నేను తయారుచేసింది గేదెకి, ఎలకలు తింటన్నాయండి," అని ఫోను చేశాడు. ఎలుకలు నెమరు వేస్తాయా అని అధికారి అడిగారు. వేయవని చెప్పాను. అయితే అది దుర్వినియోగం అవుతుందని, ఎలుకలను నివారించమని ప్రకాశరావుకు మెమో ఇచ్చాము.

సర్క్యులరు చదివి వినిపించినా పశువుల్లో మార్పు రాలేదు. అధికారి దీనికి కారణం కనిపెట్టారు. మనిషి చూస్తున్నాడు కనుకనే చిక్కు. మనిషిని తీసేసి యంత్రాన్ని పెడితే జంకూ ఉండదు, పక్షపాతమూ ఉండదు. రాజధాని నుంచి కుర్రాళ్ళను పిలిపించి ఫోనులో ఒక యాప్ చేయించారు. దాని పేరు 'నెమరు నేస్తం'. ఫోనును మూతి ముందు పెడితే చాలు. దవడ పక్కకు జరిగి వెనక్కి రావడం కాసేపు వరసగా కనిపిస్తే యాప్ తనంతట తానే ధ్రువపత్రం జారీ చేసి రాజధానికి పంపేస్తుంది. మధ్యలో ఏ అధికారీ వేలు పెట్టడానికి లేదు. ఒకసారి జారీ అయితే రద్దు చేయడానికి ఒకటే దారి: సదరు పశువు మరణించినట్లు పోస్టుమార్టం నివేదిక దాఖలు చేయాలి. అవినీతికి తావు లేకుండా ఈ షరతును అధికారే స్వయంగా పట్టుబట్టి పెట్టించారు.

ప్రారంభోత్సవం చినలింగంపాలెంలోనే పెట్టాం. షామియానా వేశాం. మైకు పెట్టాం. డప్పులు పిలిపించాం. గేదెలన్నిటినీ కొమ్ములకు రిబ్బన్లు కట్టి వరసగా నిలబెట్టించాం. బుజ్జమ్మను నిలబెట్టడానికి నూకరత్నంతో పాటు ఇంకో ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. దాని కాళ్ళు వణుకుతున్నాయి. షామియానా గుంజకు ఆనుకుని బేరగాడు కూడా కార్యక్రమం చూస్తున్నాడు.

డప్పులు మోగాయి. గేదెలన్నీ చెవులు రిక్కించి, దవడలు బిగించి నిలబడ్డాయి. నేను ఫోను పట్టుకుని ఒక్కొక్క మూతి ముందుకూ వెళ్ళాను. ప్రతిసారీ యాప్ వినయంగా "కదలిక కనబడలేదు" అంది. వేదిక మీద అధికారి కళ్ళు సగం మూసి దీర్ఘంగా ఆలోచిస్తున్నారు.

"ఏమిటి ఆలస్యం? ఏదీ, ఇటు చూపించు," అన్నారు ఆలోచన ఆపకుండానే.

నేను ఫోను తీసుకెళ్ళి ఆయన ముఖం ముందు పెట్టాను. ఆయన తెర వంక చూస్తూ ఎక్కడ నొక్కాలో తేల్చుకుంటున్నారు. దవడ ఎడమకు వెళ్ళింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఫోనులోంచి గంట మోగింది. మైకు పక్కనే ఉండడంతో ఊరంతటికీ వినబడింది.

"అభినందనలు. నెమరు నిర్ధారణ అయినది. జాతి: నాటు. శరీర స్థితి: మిక్కిలి తృప్తికరం. ధ్రువపత్రం జారీ అయినది."

చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం ఆగారు. డప్పులవాళ్ళు మాత్రం పిలిచిన పని పూర్తి చేశారు.

నెల తిరిగేసరికి రాజధాని నుంచి కేటాయింపు వచ్చింది. జిల్లాలో ధ్రువపత్రం ఉన్న లబ్ధిదారు ఒకటే కనుక జిల్లా కోటా మొత్తం ఆ లబ్ధిదారుకే మంజూరైంది. ప్రకాశరావు షెడ్డు తలుపులు తెరుచుకున్నాయి. లారీ వచ్చి అధికారి క్వార్టర్సు ముందు బస్తాలు దింపింది. లోపలికి పట్టక మెట్ల మీద, తులసికోట చుట్టూ కూడా పేర్చారు. వెనకాలే పాలకేంద్రం నుంచి నోటీసు. పథకం లబ్ధిదారు రోజూ రెండు పూటలా కేంద్రానికి పాలు పోయవలసి ఉండగా ఇంతవరకు పోయనందుకు సంజాయిషీ ఇవ్వాలని. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికెవడో. ఆ గుమాస్తాకు ప్రమోషను తప్పదనిపించింది.

ధ్రువపత్రం రద్దు చేయమని రాజధానికి రాశాం. నిబంధన గుర్తు చేస్తూ జవాబొచ్చింది. పోస్టుమార్టం నివేదిక పంపమన్నారు. ఆ మార్గం పట్ల అధికారి ఆసక్తి చూపలేదు.

అంతటితో పోలేదు. మరో తాఖీదు వచ్చింది. "సదరు పశువు యజమాని వివరములు పూరింపబడలేదు. యజమాని లేని పశువును బందెలదొడ్డికి తరలించవలెను. వారము గడువు."

అధికారి ఆ వేళ కిళ్ళీ ముట్టలేదు. ఆయనను నేను అలా చూడడం అదే మొదటిసారి. యజమానిగా సంతకం పెట్టమని ముందు వాళ్ళావిడ గారిని అడిగారు. "అడిగితే కాదనను గాని, నాకు పాకా లేదు, కుడితి గోలెమూ లేదు," అన్నారావిడ. నిజమే. యజమానికి పశువుల పాక, కుడితి గోలెం, పాలకేంద్రంలో సభ్యత్వం ఉండాలని మేమే రాసుకున్నాం.

గడువు దగ్గర పడ్డాక జీపులో చినలింగంపాలెం వెళ్ళాం. నూకరత్నం పాక గుమ్మంలోనే బేరగాడు తాడు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. బుజ్జమ్మ లోపల పడుకుని ఉంది. పొద్దుటి నుంచి లేవలేదట. దూడ దాని ముఖం నాకుతోంది. నూకరత్నం కళ్ళు తుడుచుకుని లేచింది.

నేను విషయం విన్నవించాను. ఆమె మొదట నా వంక, తర్వాత అధికారి వంక పైనుంచి కిందిదాకా చూసింది. సంతలో పశువును చూసే చూపు అది.

"ఈయన్ని నేను సాకాలాండి?"

"సాకనక్కర్లేదమ్మా, కాగితం మీదే. నీ పశువని ఒక సంతకం."

"మరి ఈయనకొచ్చే దాణా ఎవరిదండి?"

నిబంధన నేనే చెప్పాల్సి వచ్చింది. దాణా యజమాని పాకకే చేరాలి.

"అయితే ముందు బస్తాలు దింపండి. సంతకం తరవాత," అంది నూకరత్నం.

అధికారి తన క్వార్టర్సులో దింపిన బస్తాలు ఎత్తించమన్నారు. ప్రకాశరావుకు ఫోను చేశాను. చీకటి పడకముందే అతను ట్రాక్టరులో బస్తాలు తెచ్చి, తనే ఒకటి విప్పి, పిడికెడు పొడి తవుట్లో బెల్లం నీళ్ళతో కలిపి పెట్టాడు. బుజ్జమ్మ మొదట ముఖం తిప్పుకుంది. నూకరత్నం దాని గంగడోలు నిమురుతూ, "తినవే తల్లీ, పెబుత్వం మనసు మారకముందే తినేయ్," అంది. అది నాలుక చాపింది. బేరగాడు తాడు చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఇలా చెప్పొచ్చో లేదో తెలియదుగాని, ఆ వేళ నాకు సంతోషమేసింది.

ఆమె మిగతా బస్తాలు ఒక్కర్తే ఉంచుకోలేదు. ఊళ్ళో ఈనిన ప్రతి గేదె ఇంటికీ పంచింది. లెక్క ప్రకారం అదంతా మా అధికారి గారు ఆరగించినట్టే. కొన్నాళ్ళకు బుజ్జమ్మ తనంతట తాను లేచింది, పక్కటెముకలు కనబడకుండా పోయాయి, పొదుగు నిండింది. పాలకేంద్రం గుమాస్తా కూడా పాలు తీసుకుంటున్నాడు. నూకరత్నం పేరున ధ్రువపత్రమున్న పశువు ఒకటి ఉంది కదా, పాలు దానివేనని రాసుకున్నాడు.

జిల్లాకు ఒకటే లబ్ధిదారైనా ఫలితం నూటికి నూరు పాళ్ళు వచ్చిందని రాజధానిలో సంబరపడ్డారు. ఫలితాన్ని కళ్ళారా చూడడానికి ఒక బృందం దిగింది. ఆ రోజు పొద్దున్నే అధికారి నూకరత్నం పాకకు హాజరయ్యారు. పథకం ట్యాగు చెవికి ఉండాలి గనుక కళ్ళజోడు కాడకు కట్టుకున్నారు. పాకలో ఒక పక్క ఆయన కుర్చీ, ఇంకో పక్క బుజ్జమ్మ. అప్పటిదాకా బుజ్జమ్మ నెమరు వేస్తూనే ఉంది. బృందం కార్లు ఆగగానే లేచి నిలబడి దవడ బిగించింది. కంగారులో అధికారి రెండు కిళ్ళీలు ఒకేసారి బిగించారు.

బృందం నాయకుడు పెద్ద హోదా ఉన్నవాడు. చేతిలో కాగితం చూసుకుంటూ వచ్చాడు. ముందు బుజ్జమ్మ మూతి చూశాడు. "ఇది కాదు," అన్నాడు. తర్వాత అధికారి వైపు తిరిగి ట్యాగు నంబరు సరిచూసుకున్నాడు. దవడ కదలిక గమనించాడు. పొట్ట చుట్టూ ఒకసారి నడిచి, "శరీర స్థితి చక్కగా మెరుగుపడింది. పథకం ఫలితం కళ్ళకు కడుతోంది," అన్నాడు. పక్కనున్నవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు.

"యజమాని ఎవరు?"

"నేనేనండి," అని నూకరత్నం ముందుకొచ్చింది.

"మేత బాగా తింటోందా?"

"మేతకేం లోటు లేదండి. జిల్లా దాణా అంతా దీందే."

"పాలు?"

నూకరత్నం అధికారి వంక చూసింది. ఆయన దవడ ఆగిపోయింది. ఆమె బుజ్జమ్మ వీపు మీద చెయ్యేసి నిదానంగా చెప్పింది.

"ఒట్టి గొడ్డండి బాబూ. అరుపులే ఎక్కువ."

నాయకుడు తల పంకించి కాగితం మీద రాసుకున్నాడు. "పాలు: లేవు. మేత: యథావిధిగా కొనసాగించవలెను."